కర్రీ పాయింట్‌లో సబ్ మీటర్, కాటా: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నల్లగొండలో మాది కర్రీ పాయింట్. రెండు పూటలా కూరలు, ఆదివారం బగారా అన్నం. కరెంటు, గ్యాస్ ఖర్చు కలిపితే షాపు కిరాయిని దాటే నెలలు కూడా ఉంటాయి. ఈ ఖర్చు ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికి నేను కొన్నవి రెండే వస్తువులు: కరెంటుకు ఒక సబ్ మీటర్, గ్యాస్‌కు ఒక ఎలక్ట్రానిక్ కాటా. రెండూ కొనదగ్గవే. ఒక్కదానికే డబ్బులుంటే మాత్రం కాటా కొనండి.

సబ్ మీటర్ వెయ్యి రూపాయల లోపు దొరికే సింగిల్ ఫేజ్‌ది. డీప్ ఫ్రీజర్, కూల్ డ్రింకుల ఫ్రిజ్ ఉన్న లైన్‌కు మాత్రమే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాను. డిపార్ట్‌మెంట్ మీటర్ జోలికి, దాని సీలు జోలికి పోకుండా, దాని తర్వాత వచ్చే మన వైరింగ్‌లోనే పెట్టాలి. రాత్రి షట్టర్ దించేటప్పుడు ఒక రీడింగ్, పొద్దున తీసినప్పుడు ఒక రీడింగ్ రాసుకుంటాను. రాత్రంతా షాపులో మనిషి ఉండడు, స్టవ్ వెలగదు, అయినా యూనిట్లు తిరుగుతాయి. మా ఫ్రీజర్ మూత రబ్బరు వదులైన సంగతి ఆ రాత్రి రీడింగే చెప్పింది. రబ్బరు మార్పించాక రోజుకు రెండు యూనిట్ల దాకా తగ్గింది.

రెండు యూనిట్లే కదా అనుకోకండి. మన దగ్గర షాపుల కరెంటు శ్లాబుల్లో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్‌లో కమర్షియల్ కనెక్షన్ నెలకు 500 యూనిట్లు దాటితే ఆ పైన ప్రతి యూనిట్‌కూ 11 రూపాయలు. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే వచ్చేది సగటు ధర. కానీ మనం ఆదా చేసే యూనిట్ ఎప్పుడూ పై శ్లాబులోంచే తగ్గుతుంది. ఎండాకాలంలో మాది 500 దాటుతుంది కాబట్టి నెలకు అరవై యూనిట్లు తగ్గితే 660 రూపాయలు మిగిలినట్టు. పైగా యూనిట్‌కు 6 పైసల కరెంటు సుంకం కూడా తగ్గుతుంది.

ఈ మీటర్‌లో నాకు బాగా నచ్చింది ఎర్ర లైటు. యూనిట్‌కు 3200 సార్లు మెరుస్తుందని మా మీటర్ మీదే ముద్రించి ఉంది. లైన్‌లో మిగతావన్నీ ఆపేసి ఒక్క వస్తువునే నడిపి, నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టాలి. పదహారు మెరుపులైతే గంటకు 960. దాన్ని 3200తో భాగిస్తే గంటకు 0.3 యూనిట్, అంటే 300 వాట్లు. ఏ వస్తువు ఎంత గుంజుతోందో దుకాణదారు మాట మీద కాకుండా కళ్లతో చూసుకోవచ్చు. లోపమల్లా డిస్‌ప్లేది. వంటగది ఆవిరికి, నూనె జిడ్డుకు అంకెలు మసకబారాయి. పొయ్యికి దూరంగా పెట్టించుకోండి.

సబ్ మీటర్ చెప్పలేనివి బిల్లులోనే చదువుకోవాలి. ఫిక్స్‌డ్ చార్జీ మనం రాయించుకున్న లోడ్ మీద పడుతుంది, షాపు మూసి ఉన్నా కట్టాల్సిందే. ఆర్‌ఎండీ అంటే ఆ నెలలో అన్నీ కలిసి ఎక్కువగా గుంజినప్పటి లోడ్. అది రాయించుకున్న లోడ్ దాటుతుంటే, గ్రైండర్, బోరు మోటారు ఒకేసారి వేయకుండా చూసుకోవాలి. ఏసీడీ కట్టమని నోటీసు వస్తే చాలామంది టెన్షన్ పడతారు. అది జరిమానా కాదు, వాడకం పెరిగితే అడిగే డిపాజిట్. మన పేరు మీదే ఉంటుంది, వడ్డీ కూడా బిల్లులో కలుస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల లాంటి పెద్ద కనెక్షన్ల సంగతి వేరు. అక్కడ పవర్ ఫ్యాక్టర్, అంటే గుంజిన కరెంటులో నిజంగా పనికొచ్చింది ఎంత అనే లెక్క కూడా ఉంటుంది, వాళ్లకు నా సబ్ మీటర్ పనికిరాదు.

ఇక కాటా. కమర్షియల్ సిలిండర్‌లో 19 కేజీల గ్యాస్ ఉండాలి. ఖాళీ సిలిండర్ బరువు దాని పైభాగంలోనే కొట్టి ఉంటుంది, ఒక్కో సిలిండర్‌ది ఒక్కో అంకె. దానికి 19 కలిపితే కాటా మీద రావాల్సిన బరువు. మాకు ఇదివరకు సిలిండర్లు వేసిన ఒక ఏజెన్సీ నుంచి కేజీకి పైగా తక్కువున్నవి వచ్చాయి. "తమ్మీ, జర కాటా మీద పెట్టు" అంటే మొదట్లో సిలిండర్ తెచ్చే పిల్లగాడు ముఖం చిట్లించేవాడు. తక్కువుంటే అక్కడికక్కడే వాపసు పంపడం మొదలుపెట్టాక, దించగానే తనే తూచి చూపించేవాడు.

అంతకన్నా పెద్ద లాభం ఖాళీ సిలిండర్ల దగ్గర వచ్చింది. చలికాలం పొద్దున పెద్ద భట్టీ స్టవ్ మీద అన్నం ఎక్కిస్తే మంట సన్నబడేది. "అక్కా, అయిపోయింది" అని మా వంటాయన సిలిండర్ మార్చేసేవాడు. తూచి చూస్తే లోపల ఇంకా మూడు కేజీలుంది. సిలిండర్ కింది భాగమంతా చెమట పట్టి, చేయి పెడితే మంచు ముక్కలా ఉంది. ఒక్క సిలిండర్ నుంచి అంత వేగంగా గ్యాస్ తీస్తే లోపలి ద్రవం చల్లబడి ప్రెషర్ పడిపోతుంది. దాని మీద వేడి నీళ్లు పోయడం లాంటి పనులు అస్సలు వద్దు. మెకానిక్‌ను పిలిపించి రెండు సిలిండర్లు కలిసి పనిచేసేలా పైపు వేయించాం. ఇప్పుడు అడుగు దాకా వాడుకుంటున్నాం.

గ్యాస్ ఖర్చును సిలిండర్ల లెక్కన చూస్తే తప్పుదారి పడతాం. ఒక నెల ఆరు తెప్పిస్తాం, తర్వాతి నెల నాలుగు, వాడకం మాత్రం రెండు నెలలూ ఒకటే. అందుకే నెలనెలా కరెంటు రీడింగ్ తీసే రోజే షాపులో ఉన్న సిలిండర్లన్నీ తూచి, లోపల మిగిలిన గ్యాస్ రాస్తాను. పోయిన నెల మిగిలినదానికి కొత్తగా వచ్చింది కలిపి, ఇప్పుడున్నది తీసేస్తాను. అప్పుడు నెలకు ఎన్ని కేజీలు కాలిందో నిజంగా తెలుస్తుంది. కమర్షియల్ ధర సాధారణంగా నెల ఒకటో తారీఖున మారుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. 5 శాతం జీఎస్టీ వేసే హోటళ్లకు ఆ పన్ను వెనక్కి రాదు, పూర్తిగా ఖర్చే. కాబట్టి ధర పెరగడం, వాడకం పెరగడం విడివిడిగా రాసుకోవాలి. కూర రేటు పెంచాలా, వంటగదిలో ఏదైనా సరిచేయాలా అన్నది ఆ రెండు అంకెలు చూశాకే తేల్చుకుంటాను.

కాటా కొనేవాళ్లు వంద కేజీలు తూగే ప్లాట్‌ఫాం రకం తీసుకోండి. నిండు సిలిండర్ ఇనుముతో కలిపి నలభై కేజీలకు అటూ ఇటూ ఉంటుంది. కొక్కేనికి వేలాడదీసే చిన్న కాటాతో అంత బరువు ఎత్తడం ప్రమాదం. తడి తగలనివ్వకండి, మాది ఒకసారి నీళ్లు పోయి అంకెలు ఎగిరితే రిపేరుకు ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడప్పుడు సీలు విప్పని 25 కేజీల బియ్యం బస్తా పెట్టి చూస్తే కాటా సరిగ్గా ఉందో లేదో సుమారుగా తెలుస్తుంది.