మూడేళ్లు క్రిటాతో: అదే ఉదయం, మారిపోయే ఒళ్లు

కథలో నలభై అయిదేళ్ల మనిషి రోజూ ఉదయం 7:10కి అదే మంచం మీద నిద్ర లేస్తాడు. లేచిన ప్రతిసారీ ఒంట్లో ఇంకొంచెం పక్షి అయిపోయి ఉంటాడు. భార్యకు మాత్రం ఎప్పుడూ అదే మొదటి రోజు. పెద్దల కోసం రాసుకున్న ఈ కామిక్‌ను మూడేళ్లుగా క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నాను. 140 పేజీలయ్యాయి. ఉచితం కదా అని మొదలుపెట్టాను, ఫైల్ లేయర్ (వేరే ఫైల్లోని బొమ్మను పేజీలో ఒక పొరగా చూపించే సదుపాయం) కోసం ఉండిపోయాను.

అదే రోజు మళ్లీ మళ్లీ వచ్చే ఇలాంటి టైమ్ లూప్ బొమ్మల్లో కష్టమంతా మారని వాటితోనే. గడియారం, కిటికీ, దుప్పటి మడత వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అప్పుడే మారిన వేలు కంటపడుతుంది. మొదట్లో గదిని పేజీపేజీకీ కాపీ చేసి అతికించేదాన్ని. ఇరవై పేజీలయ్యాక కిటికీ నీడ తప్పుగా పడిందని తెలిసింది. ఇరవై చోట్లా దిద్దుకున్నాను. ఫైల్ లేయర్‌తో ఆ బెడద పోయింది. గది ఒకే ఫైలు, పేజీలన్నీ దాన్నే చూపిస్తాయి. అక్కడ ఒక్కసారి దిద్దితే చాలు.

ఆ సుఖమే ఒకసారి కొంప ముంచింది. ఆరో లూప్‌లో అద్దం పగలాలి. తొందరలో పగులును అసలు గది ఫైల్లోనే గీసేశాను. నా పేజీలు అందరికన్నా ముందు చదివే స్నేహితురాలు, "మొదటి రోజే అద్దం పగిలి ఉందేంటే? క్లూనా?" అంది. క్లూ కాదు, నా తెలివితక్కువతనం! అప్పట్నుంచి ఏ లూప్‌లో వస్తువు మారితే ఆ లూప్ నంబరుతో వేరే ఫైలు పెడుతున్నాను.

ఒళ్లు మారే పేజీలకు ట్రాన్స్‌ఫార్మ్ మాస్క్ బాగా పనికొస్తుంది. అసలు గీతల జోలికి పోకుండా వేళ్లను సాగదీసి, వంచి చూడొచ్చు. నచ్చకపోతే మాస్క్ తీసేయడమే. కానీ దాన్నే తుది బొమ్మగా ఉంచేస్తే వేలితోపాటు గీత మందం కూడా సాగి, చెయ్యి రబ్బరు తొడుగులా కనిపిస్తుంది. అందుకే దాన్ని లేతగా చేసి, పైన కొత్త లేయర్‌లో మళ్లీ ఇంకింగ్ చేస్తాను, అంటే తుది గీతలు గీస్తాను. గోరు ఈకగా మారడానికి అయిదు దశలు పెట్టుకున్నాను. ఆనియన్ స్కిన్‌లో పక్క దశలు మసకగా కనిపిస్తుంటే మధ్యవి గీయడం తేలిక. మూడోది మాత్రం వారం రోజులు నడిచింది. అది గోరూ కాదు, ఈకా కాదు. గోరు మధ్యలో సన్నటి కాడ గీసి, అంచును మూడు చోట్ల చీల్చాక గానీ చూడగానే ఒళ్లు జలదరించలేదు.

మనిషి ఎంత మారినా ఎడమ కనుబొమ్మ మీది గాటు, కళ్ల కింది ముడతలు ముట్టుకోను. భార్య అతన్ని పోల్చుకునేది వాటితోనే. పడకగది సన్నివేశాల్లో మొదట చాలా చూపించి, తర్వాత దాదాపు అన్నీ తీసేశాను. ఈకల మీద ఆగిపోయిన ఆమె అరచెయ్యి ఒక్కటీ మిగిలింది.

మెమరీ సంగతి. ఏ4 పేజీ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) 4960×7016 పిక్సెళ్లు. 8 బిట్ రంగులో నిండు లేయర్ ఒక్కటే దాదాపు 139 ఎంబీ. ముప్ఫై లేయర్లకు నా పాత కంప్యూటర్ చేతులెత్తేసింది. 300కి దిగితే నాలుగో వంతే, రంగుల పేజీకి అది చాలు. మాటల బుడగలు ఇంక్‌స్కేప్ అనే ఇంకో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసుకుంటాను.

ఇప్పుడు పన్నెండో లూప్ నడుస్తోంది. గది ఫైలు తెరిచినప్పుడల్లా ముందు దాని పేరు రెండుసార్లు చదువుకుంటున్నాను.