పైన గట్టి, లోన పచ్చి: ముదురు రంగు జెల్ పాలిష్ కిట్ కొనేవారికి హెచ్చరిక

గోళ్లకు ఇంట్లోనే జెల్ పాలిష్ వేసుకుందామని ఆన్‌లైన్‌లో చిన్న ల్యాంపు, ఆరు రంగు సీసాలు కలిపి అమ్మే కిట్ల కోసం చూస్తున్నవారు, అందులోనూ మెరూన్, నలుపు, తెలుపు వంటి నిండు రంగులు ఇష్టపడేవారు, డబ్బు కట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. మా ఆడపడుచు పెళ్లికని నేను కొన్న అలాంటి కిట్ వల్ల ఎడమచేతి మూడు వేళ్ల చివర్లలో చర్మం ఎర్రబడి, దురద పెట్టి, పొట్టు రాలింది. బొటనవేలి గోరు కొస నుంచి దాదాపు సగం దాకా అడుగు చర్మాన్ని వదిలేసి పైకి లేచింది. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే ల్యాంపును వేర్వేరు పేర్లతో ఎందరో అమ్ముతున్నారు కనుక, పేరుకన్నా లోపం ఎక్కడుందో తెలియడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

జరిగింది ఇది. మొదటి రోజు రంగులేని జెల్ వేసి చూశాను, చక్కగా గట్టిపడింది. ఆ ధైర్యంతో పెళ్లికి రెండు రోజుల ముందు మెరూన్ రంగును కాస్త మందంగా ఒకే పూతగా వేసి, కిట్‌తో వచ్చిన కాగితంలో చెప్పినట్టే 60 సెకన్లు ల్యాంపు కింద పెట్టాను. పైన నిగనిగలాడింది గాని, కాచిన పాల మీద మీగడ కట్టినట్టు ముడతలు పడింది. పుల్లతో నొక్కితే ఆ పొర కింద రంగు జారింది. అమ్మినవారిని అడిగితే మరో 60 సెకన్లు పెట్టమన్నారు. మూడుసార్లు పెట్టాను. ముడతలు పోలేదు సరికదా, అంచుల నుంచి పచ్చి రంగు చర్మం మీదికి పాకింది. దాన్ని గోటితో గీకి, దూదితో తుడిచి, పెళ్లి హడావుడిలో పడి మరచిపోయాను. ఎనిమిది రోజుల తర్వాత దురద మొదలైంది.

తర్వాత నాకు అర్థమైన సంగతి ఏమిటంటే, జెల్ పాలిష్ ఆరదు. మామూలు నెయిల్ పాలిష్‌లో ద్రావకం గాలిలోకి ఆవిరైపోయి రంగు మిగులుతుంది కనుక, ఫ్యాను కింద కూర్చుని ఓపిక పడితే అది ఎప్పటికైనా ఆరుతుంది. జెల్‌లో ఆవిరై పోవలసినది దాదాపు ఏమీ ఉండదు. అందులో అక్రిలేట్, మెథాక్రిలేట్ జాతి అణువులు ఉంటాయి, వాటితో పాటు ఫోటోఇనీషియేటర్ అనే పదార్థం కొద్దిగా కలిపి ఉంటుంది. తనకు సరిపడే అతినీలలోహిత లేదా ఊదారంగు కాంతి తగిలినప్పుడు ఆ పదార్థం విరిగి ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణు ముక్కలను పుట్టిస్తుంది, అవి ద్రవంలోని అణువులను ఒకదానికొకటి గొలుసుగా, ఆపైన వలగా కలిపి గట్టి ప్లాస్టిక్‌గా మారుస్తాయి. పంటి డాక్టరు పుచ్చుపన్ను పూడ్చి నీలిదీపం చూపించినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. కాబట్టి కాంతి చేరని చోట గొలుసు మొదలే కాదు, తెల్లవార్లూ ఆగినా అక్కడి జెల్ జెల్‌గానే ఉంటుంది.

రంగు సమస్య ఇక్కడే వస్తుంది. పూతలో కలిపిన రంగుపొడి ఆ కాంతిని తానే మింగేస్తుంది, ఆ మింగడం కూడా మందంతో పాటు విపరీతంగా పెరుగుతుంది. ఒక పలుచని పూత సగం కాంతిని మాత్రమే కిందికి వదులుతుందనుకుంటే, దానికి రెట్టింపు మందమున్న పూత నాలుగో వంతునే వదులుతుంది, నాలుగు రెట్ల మందమైతే పదహారో వంతు. పెద్ద మంట మీద వేయించిన గారె పైన ఎర్రగా కాలి లోపల పచ్చిపిండిగా మిగిలినట్టు, ముదురు రంగు మందపు పూత పైన బిగుసుకుని అడుగున ద్రవంగానే ఉండిపోతుంది. గట్టిపడేటప్పుడు జెల్ కొంచెం కుంచించుకుంటుంది. కింద పట్టుకోవడానికి గట్టి ఆధారం లేక ఆ పైపొర ముడతలు పడుతుంది. అంటే ముడత అనేది అందానికి సంబంధించిన లోపం కాదు, అడుగున పచ్చి జెల్ ఉందనడానికి గుర్తు.

నలుపులో వాడే కార్బన్ బ్లాక్ అన్ని రంగుల కాంతినీ పీల్చుకుంటుందంటే ఎవరికీ ఆశ్చర్యం కలగదు. నన్ను ఆశ్చర్యపరచింది తెలుపు. అందులో ఉండే టైటానియం డయాక్సైడ్ కంటికి కనిపించే కాంతిని వెనక్కి చిమ్మి తెల్లగా అగుపిస్తుంది గాని, అతినీలలోహిత కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. సన్‌స్క్రీన్‌లలో దాన్ని వాడేది అందుకే. పసుపు సంగతీ అంతే. నీలం, ఊదా కాంతిని మింగడం వల్లే అది పసుపుగా కనిపిస్తుంది, మన ల్యాంపు ఇచ్చేది సరిగ్గా ఆ ఊదా కాంతినే.

ఇక ల్యాంపు. నా డబ్బా మీద పెద్ద అక్షరాలతో 54 వాట్లు అని ఉంది. అది నడిచేది యూఎస్‌బీ తీగ మీద, 5 వోల్టులు, 2 ఆంపియర్ల మామూలు ఫోన్ ఛార్జరుతో. ఐదు రెళ్లు పది. పది వాట్ల కరెంటు తీసుకునే వస్తువు 54 వాట్లు ఎక్కడి నుంచి తెస్తుందో నేను అమ్మినవారిని రెండుసార్లు అడిగాను, జవాబు రాలేదు. నిజంగానే 54 వాట్లు తీసుకునే ల్యాంపైనా, ఆ అంకె అది తినే కరెంటును చెబుతుందే తప్ప గోటి మీద ఎంత కాంతి పడుతుందో చెప్పదు. దానికన్నా ముఖ్యం తరంగదైర్ఘ్యం, అంటే ఆ కాంతి ఏ రకానిదో చెప్పే కొలత. ఎల్‌ఈడీ ల్యాంపులు సాధారణంగా 365, 405 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి. కొన్ని ఫోటోఇనీషియేటర్లు 365 దగ్గర పనిచేసి 405 ను దాదాపు పట్టించుకోవు. జెల్ తయారుచేసినవారు ఏ ల్యాంపుతో పరీక్షించారో ఆ ల్యాంపే వాడమనడం వ్యాపార ఎత్తుగడ అని నేనూ అనుకునేదాన్ని, అసలు కారణం ఇదని ఇప్పుడు అర్థమైంది. నా డబ్బా మీద తరంగదైర్ఘ్యం ఊసే లేదు. పైగా అందులోని ఆరు దీపాలూ పైకప్పుకే ఉన్నాయి, నాలుగు వేళ్లతో పాటు పెట్టిన బొటనవేలు పక్కకు ఒరిగి నీడలో పడుతుంది. నాకు ఎక్కువగా దెబ్బతిన్నది ఆ గోరే.

ఒక గందరగోళాన్ని కూడా తీర్చాలి. సరిగ్గా గట్టిపడిన జెల్ మీద కూడా పలుచని జిగురు పొర ఉంటుంది, ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ పైతలంలో పుట్టే రాడికల్స్‌ను పట్టుకుని గొలుసును ఆపేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో, చర్మానికి తగలనివ్వకుండా, దాన్ని తుడిచేయవచ్చు. పై జిగురు మామూలే; అడుగు తడే ప్రమాదం. అడుగు తెలుసుకోవడానికి నేను ఆలస్యంగా చేసిన పని మీరు ముందే చేయండి: వంటింటి అల్యూమినియం రేకు మీద గోటి మీద వేసేంత మందంలో రంగు పూసి, ల్యాంపు కింద పెట్టి, పూతను ఒలిచి వెనక వైపు చూడండి. నా రంగులేని జెల్ రెండు వైపులా గట్టిగా ఉంది. మెరూన్ పూత వెనక భాగం టిష్యూ కాగితానికి సిరాలా అంటింది.

ఆ పచ్చి జెల్‌లో హెచ్‌ఈఎంఏ అనే చిన్న అణువు ఉండే అవకాశం ఎక్కువ. ఇది చర్మంలోకి దూరి ఎలర్జీని పుట్టించగలదు, ఒకసారి పుట్టిన ఎలర్జీ సాధారణంగా జీవితాంతం పోదు. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి హెచ్‌ఈఎంఏ ఉన్న గోళ్ల ఉత్పత్తులను నిపుణులు మాత్రమే వాడాలని, ఎలర్జీ హెచ్చరిక ముద్రించాలని నియమం ఉంది. టీపీఓ అనే ఇనీషియేటర్‌ను 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడ సౌందర్య ఉత్పత్తుల్లో పూర్తిగా నిషేధించారు. నా సీసా మీద ఇవి ఉన్నాయో లేదో చెప్పే పదార్థాల పట్టికే లేదు, దిగుమతి చేసినవారి చిరునామా లేదు. అలాంటి సీసాను తిరిగి పంపేయడానికి రంగు పూసి చూడవలసిన అవసరం కూడా లేదని ఇప్పుడు అనిపిస్తోంది.

డబ్బు వాపసు అడిగితే, వాడిన వస్తువును తీసుకోబోమన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బా మీది 54 అంకె, ఛార్జరు మీది అంకెలు, రేకు మీది పూత, ఈ మూడింటి ఫోటోలు జతచేశాను. మీ దగ్గర ఇప్పటికే ఇలాంటి కిట్ ఉండి, గోళ్ల చుట్టూ దురద మొదలై ఉంటే, ఇంకో పూత వేయకుండా చర్మవ్యాధుల డాక్టరును కలవండి, సీసాను పారేయకుండా వెంట తీసుకువెళ్లండి. నాకు ప్యాచ్ టెస్ట్ (ఏ పదార్థం వల్ల ఎలర్జీ వచ్చిందో చర్మం మీద అంటించి చూసే పరీక్ష) రాసిన డాక్టరమ్మ మరో మాట కూడా చెప్పారు: పంటికి, ఎముకకు వాడే కొన్ని పదార్థాలు ఇదే మెథాక్రిలేట్ జాతివి కనుక, ఫలితం వచ్చేదాకా ఎక్కడ వైద్యానికి వెళ్లినా ఈ సంగతి ముందే చెప్పాలట. వచ్చే వారం వేయించుకోవలసిన పంటి ఫిల్లింగ్‌ను వాయిదా వేసుకున్నాను.