మేకల పాకలో మంచెనా, మట్టి నేలా? దాణాకు గోనె సంచా, డ్రమ్మా? ఏది మేలు?

ఇంటి వెనక ఐదారు మొదలు పది పదిహేను మేకల దాకా పెంచుకోవాలనుకునేవాళ్లు పాక వేసే ముందు నేల గురించి బాగా ఆలోచిస్తారు. మంచె (నేలకు ఎత్తున, బద్దల మధ్య సందులు వదిలి వేసే అరుగు) వేయాలా, మట్టి నేల చాలా, సిమెంటు పోయించాలా అని పదిమందిని అడుగుతారు. దాణా ఎక్కడ పెట్టాలన్నది మాత్రం పెద్దగా ఎవరూ అడగరు. పాకలోనే ఓ మూల సంచులు నిలబెట్టేస్తారు. నేనైతే ఈ రెండిటినీ కలిపే చూస్తాను, ఎందుకంటే రెండు చోట్లా చెరుపు చేసేది తడే. చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోయేటట్టుంటే ముందు దాణాకు చోటు చూడమంటాను. నేలను రోజూ కాస్త ఒళ్లు వంచి బాగు చేసుకోవచ్చు. బూజు పట్టిన వేరుశనగ చెక్కను (నూనె తీశాక మిగిలే పిప్పిని) ఏం చేసినా బాగు చేయలేం.

నేల సంగతి

మట్టి నేలను చాలామంది చిన్నచూపు చూస్తున్నారు. మహబూబ్‌నగర్, అనంతపురం వైపు చల్క నేలల్లో, గరుకు మట్టిలో, ఉచ్చ పడిన కాసేపటికే ఇంకిపోతుంది. అనంతపురంలో ఏడాదికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. మేకలు పొద్దున మేతకు వెళ్లి సాయంత్రం వస్తాయి కాబట్టి పగలంతా పాక ఖాళీగా ఉంటుంది, గాలి ఆడుతుంది, నేల ఆరుతుంది. ఇలాంటి చోట చుట్టుపక్కల కంటే అడుగు ఎత్తున మొరం పోసి దిమ్మిస కొట్టి, చుట్టూ నీళ్లు పోయే కాలువ తీస్తే చాలు, మంచె అక్కర్లేదు. పెద్ద మేకకు పది పన్నెండు చదరపు అడుగుల చోటు ఉండాలన్నది మాత్రం మరవద్దు. ఇరుకైతే ఎంత మంచి నేలైనా తడిసి ముద్దవుతుంది. ఏడాదికోసారి, వానలకు ముందు, పైమట్టి నాలుగైదు అంగుళాలు గీకి తీసి కొత్త మొరం వేయాలి. తీసిన మట్టి చేనుకు బలం.

అదే నల్లరేగడి అయితే కథ వేరు. రేగడి నీళ్లను వదలదు. గోదావరి జిల్లాల్లో వాన 1000 మిల్లీమీటర్లు దాటుతుంది, పైగా తుఫాను రోజుల్లో మేకలు బయటికి వెళ్లే వీలే ఉండదు. రోజంతా పాకలోనే కట్టి మేపే మేకలదీ ఇదే పరిస్థితి. ఇక్కడ మంచెకు పెట్టిన ప్రతి రూపాయీ తిరిగొస్తుంది. కేరళలో వానలు ఎక్కువ, అక్కడ మేకల పాకలు స్తంభాల మీద ఎత్తున కనిపించేది ఇందుకే.

మంచెకు సరుగుడు కర్రలు, వెదురు బద్దలు, తాటి దబ్బలు, ప్లాస్టిక్ పలకలు అన్నీ వాడుతున్నారు. దేనితో వేసినా సందే ముఖ్యం. పెద్ద మేకలకు ఒకటిన్నర సెంటీమీటర్ల నుంచి రెండు దాకా ఉండవచ్చు. పిల్లలున్న గదిలో ఒకటి, మహా అయితే ఒకటిన్నర. అంతకు మించితే పిల్ల కాలు ఇరుక్కుని విరుగుతుంది. మరీ తగ్గిస్తే పెంటికలు కిందికి జారవు, అప్పుడు మంచె ఉండీ లాభం లేదు. వెదురు చవకే కానీ గుండ్రంగా ఉంటే గిట్ట జారుతుంది, పురుగు తొలుస్తుంది, రెండు మూడేళ్లలో మార్చుకోవాలి. ప్లాస్టిక్ పలకలు కడగడానికి సుఖం, ఖర్చు మాత్రం చదరపు అడుగు లెక్కన పెరిగిపోతుంది. పది మేకలవాళ్లు ఆ ఖర్చుకు పోకుండా బాగా ఎండిన కర్రలను బద్దలుగా చీల్పించుకుని, నున్నటి వైపు పైకి వచ్చేలా కొట్టుకుంటే సరిపోతుంది.

మంచె వేశాక శుభ్రం చేసే పని తప్పిందనుకోవడం పొరపాటు. పని మంచె కిందికి మారుతుంది. మనిషి వంగి ఊడ్చేంత ఎత్తు లేకపోతే ఎవరూ ఊడ్వరు. పెంటికలు కుప్ప పడి, ఉచ్చలో నాని, అమ్మోనియా వాసన సందుల్లోంచి నేరుగా మేకల ముక్కుకే కొడుతుంది. కనీసం మూడు నాలుగు అడుగుల ఎత్తు పెట్టుకోవాలి. చలికాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. కింది నుంచి చల్లగాలి తగిలి పుట్టిన పిల్లలు ముడుచుకుపోతాయి, న్యుమోనియా వస్తుంది. పిల్లల మూలలో మంచె మీద కూడా గోనె పట్టాలు, వాటి పైన పొడి గడ్డి వేయాల్సిందే. పట్టాలు రోజు మార్చి రోజు ఎండలో ఆరేయాలి.

సిమెంటు నేలను మేకలు పడుకునే చోటుకు నేను ఒప్పుకోను. కడగడానికి వీలన్నదే దాని గొప్ప, ఆ కడగడమే రోజూ తడి తెస్తుంది. చలికి చల్లగా ఉంటుంది, మోకాళ్లు రాసుకుపోతాయి. మంచె కింద వాలుగా పోసి ఉచ్చ ఒక పక్కకు పారేలా చేసుకుంటే మాత్రం సిమెంటు నిజంగా పనికొస్తుంది.

కింద ఏం పరచాలి?

మట్టి నేల మీద వరిగడ్డే నా మొదటి మాట. తడిని పీలుస్తుంది, వెచ్చగా ఉంటుంది, తర్వాత బాగా కుళ్లి ఎరువవుతుంది. మేకలు దాన్ని కొరుకుతాయి కాబట్టి బూజు లేనిదే వేయాలి. రంపపు పొట్టు గడ్డికంటే బాగా పీలుస్తుంది, కానీ సన్నటి దుమ్ము పిల్లల కళ్లలో, ముక్కులో పడుతుంది. రైస్ మిల్లు దగ్గర చవకగా దొరుకుతుందని ఊక తెచ్చేవాళ్లు ఎక్కువ. ఊక మెత్తగా ఉంటుందే తప్ప ఉచ్చను పెద్దగా పీల్చుకోదు, తడి జారి అడుగున నిలుస్తుంది, పెంటలో వేసినా త్వరగా చివకదు. వేరుశనగ పొట్టు ఊకకంటే మేలు, వానలో తడిసిన కాయల పొట్టు కాకుండా చూసుకుంటే.

రోజూ ఊడ్వడం మంచిదా, పాతదాని మీదే కొత్త గడ్డి వేస్తూ పోవడం మంచిదా? వేసవిలో, చలికాలంలో రెండో పద్ధతికి పని తగ్గుతుంది, అడుగు పొర పులిసి కాస్త వేడి ఇస్తుంది. వానాకాలంలో ఆ పద్ధతి వద్దు. తడి గడ్డిలో కాక్సీడియా (పేగుల్లో చేరే, కంటికి కనపడని పరాన్నజీవి) గుడ్లు కొద్ది రోజుల్లోనే పిల్లలకు అంటుకునే దశకు వస్తాయి. మూడు వారాల నుంచి ఐదారు నెలల వయసు పిల్లలు పారుడుతో ఎండిపోయేది ఎక్కువగా దీనివల్లే. ఫినాయిల్ చల్లితే ఆ గుడ్లు చావవు. ఊడ్చి, ఎండ తగలనిచ్చి, పొడిగా ఉంచితేనే దారి. మేతను నేల మీద వేయకుండా కట్టలు కట్టి ఎత్తున వేలాడదీస్తే సగం బెడద అక్కడే తగ్గుతుంది, మేకకూ మెడ చాచి తినడమే ఇష్టం.

సున్నం చల్లేవాళ్లకు ఒక మాట. తడి గడ్డి మీద, ఉచ్చ మీద సున్నం చల్లితే అమ్మోనియా ఇంకా ఎక్కువగా లేస్తుంది. గీకి ఊడ్చాక, మేకలు బయట ఉన్నప్పుడు, ఆరిన నేల మీద పలచగా చల్లి, పైన పొడి గడ్డి వేయాలి. నేల ఎలా ఉందో తెలుసుకోవడానికి తెల్లవారుజామున పాకలో మోకాళ్ల మీద కూర్చోండి. మోకాళ్లు తడిస్తే గడ్డి చాలలేదు. ముఖం మేక మూతి ఎత్తున ఉంచితే కళ్లు మండుతున్నాయా, గాలి చాలలేదు. నిలబడి చూస్తే ఈ రెండూ తెలియవు.

ఇక దాణా

గోనె సంచిలో గాలి ఆడుతుంది, నిజమే. నేల చెమ్మ కూడా అంతే సులువుగా లోపలికి వస్తుంది, ఎలుక ఒక్క రాత్రిలో కన్నం పెడుతుంది, ఉచ్చ పోస్తుంది. ప్లాస్టిక్ నేత సంచి చెమ్మను కొంత ఆపుతుంది, ఎలుకను ఆపదు. ఇనుప రేకు డబ్బా ఎలుకకు తిరుగులేని అడ్డు, కానీ అడుగు తుప్పు పడుతుంది, ఎండ పడితే లోపల వేడెక్కి రాత్రికి చెమ్మ కడుతుంది. చిన్న పెంపకానికి 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, బిగించే పట్టీ ఉన్న మూతతో, వీటన్నిటికంటే మేలని నా నమ్మకం. యాభై కిలోల దాణా సంచులు రెండు అందులో పడతాయి. పది మేకలకు తలా రెండు వందల గ్రాములు వేస్తే రోజుకు రెండు కిలోలు, అంటే ఒక సంచి ఇరవై అయిదు రోజులు వస్తుంది. ఒక్క డ్రమ్ముతోనే గడిచిపోతుంది.

డ్రమ్ముకూ ఒక షరతుంది. తడి ఉన్న దాణాను మూత బిగించి పెడితే సంచిలో కంటే తొందరగా బూజు పడుతుంది. మొక్కజొన్నను పంటి కింద వేసి కొరికితే టప్పుమని పగలాలి, నొక్కుకుపోతే ఇంకా ఎండబెట్టాలి. తేమ 12 శాతం లోపు ఉంటేనే నిల్వకు పనికొస్తుంది. ఎండబోసినదాన్ని వేడి మీద పోయకుండా చల్లారనిచ్చి పోయాలి. పాత డ్రమ్ము కొనేటప్పుడు ఇంతకుముందు అందులో ఏముందో అడగండి. పురుగుమందో, రసాయనమో అయితే ఎన్నిసార్లు కడిగినా దాణాకు వాడొద్దు.

వేరుశనగ చెక్క విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దానిలో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఎండబెట్టినా, కడిగినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు. చూడి మేకలకు, పిల్లలకు ఎక్కువ హాని, పాలల్లోకి కూడా దిగుతుంది. మేకలకు పనికిరాదని కోళ్లకు వేస్తారు కొందరు. కోళ్లకూ అది విషమే, గోతిలో పూడ్చేయాలి. తవుడు సంగతి వేరు, దాంట్లోని నూనె వల్ల కొన్ని వారాల్లోనే కమురు వాసన వస్తుంది, మేక ముట్టదు. చవకగా వచ్చిందని ఆరు నెలలకు కొనకుండా నెలకు సరిపడా తెచ్చుకోవడమే లాభం.

కందిపొట్టు, వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు మొక్కలు) డ్రమ్ముల్లో పట్టవు. రాళ్లో, కర్రలో అడుగు ఎత్తున పేర్చి వాటి మీద వాము వేసి, టార్పాలిన్‌ను వాముకు అంటిపెట్టకుండా కర్రల మీద పందిరిలా కప్పితే గాలి ఆడుతుంది. పాక అటక మీద మేత పెట్టడం చేతికి అందుబాటే, కానీ కింది నుంచి ఆవిరి, అమ్మోనియా అక్కడికే లేస్తాయి, దుమ్ము మేకల కళ్లలో పడుతుంది. మేత వేరేచోట ఉంటేనే నయం.

దాణా గది వేరుగా, గొళ్లెంతో ఉండాలనడానికి ఇంకో పెద్ద కారణం మేకే. సంచి పాకలో ఉంటే ఏదో ఒక రాత్రి తాడు తెంపుకుని, గింజలు కడుపునిండా తినేస్తుంది. పొద్దునకు పొట్ట ఉబ్బి పడి ఉంటుంది, లేదా పేగుల్లో విషం పుట్టే చిటుక రోగంతో ఉన్నట్టుండి చనిపోతుంది. వానలకు ముందు చిటుక రోగం టీకా వేయించినా గింజలు ఎక్కువైతే పొట్టలో పులిసి ప్రాణం తీస్తాయి. గొళ్లేన్ని మేక మూతికి అందని ఎత్తులో, తలుపుకు బయటివైపు పెట్టించండి. నాలుగు రోజులు మనిషిని గమనిస్తే మేకకు దాన్ని తీయడం వచ్చేస్తుంది.