మోషన్ సెన్సర్ అలారం, ఏడు నెలల వాడకం: బల్లి, పందికొక్కు, ఒక గోనెసంచి

మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. పాత పెంకుటిల్లు, మధ్యలో మండువా, వెనకాల కొబ్బరితోట. 96 తుపానుకి పాత పాక ఎగిరిపోయాక మా మావయ్యగారు తోట మొదట్లో ఒక రేకుల షెడ్డు కట్టించారు, దింపు తీయించిన కాయలన్నీ అందులోనే రాశి పోస్తాం. ఇంట్లో ఉండేది నేనూ, అత్తయ్యగారూ, ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయీ. మా ఆయన కువైట్‌లో ఉంటారు. పోయిన కనుమ రోజు ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళిన పూట చూసుకుని ఎవరో పక్కింటి బాబాయిగారి తోటలో మోటారు కేబులు కోసుకుపోయారు, అందులో రాగి ఉంటుంది కదా, దానికోసం. ఆ సంగతి నేను ఫోన్లో మా ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అప్పట్నుంచి రోజూ "గేటు వేశావా, షెడ్డుకి తాళం వేశావా" అని ఒకటే టెన్షన్, నాకు కాదు, ఆయనకి. చివరికి ఏప్రిల్‌లో అక్కడ కూర్చునే ఆన్‌లైన్‌లో ఈ అలారం కిట్టు ఆర్డరు పెట్టేశారు. డబ్బా మా ఇంటికొచ్చింది, బిగించే పని నా నెత్తిమీదకొచ్చింది.

6,400 రూపాయలు. డబ్బాలో ఒక హబ్బు, అంటే గోడకి తగిలించే పెట్టె, సైరన్ కూడా అందులోనే ఉంది. మూడు మోషన్ సెన్సర్లు, రెండు తలుపు సెన్సర్లు, రెండు రిమోట్లు. కంపెనీ పేరు రాయడం లేదు, ఇదే సరుకు నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, పైన స్టిక్కరే తేడా. సెన్సర్లు హబ్బుతో 433 మెగాహెర్ట్జ్ రేడియోలో మాట్లాడుకుంటాయి, ఆ మాటకి వైఫై అక్కర్లేదు. మా ఇంటి గోడలు మూరెడు మందం ఉంటాయి, వైఫై వెనక గదిలోకే సరిగ్గా రాదు, ఈ రేడియో మాత్రం వంటింటి దాకా ఇబ్బంది లేకుండా వస్తోంది. హబ్బు నుంచి మన ఫోనుకి కబురు రావడానికి మాత్రం వైఫై గానీ సిమ్ గానీ ఉండాలి.

మొదటి రోజు వైఫై దగ్గరే రెండు గంటలు పోయింది. యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంది, పాస్‌వర్డు తప్పేమో అని పదిసార్లు కొట్టాను, అత్తయ్యగారు "ఆ డబ్బా వెనక్కి పంపేయమ్మాయ్, మనకి కుక్క చాలు" అంటూనే ఉన్నారు. మా తమ్ముడికి వీడియో కాల్ చేస్తే "అక్కా, వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలుగా వస్తుంది, ఇలాంటివాటికి 2.4 ఒక్కటే తెలుసు, మీ రౌటరు 2.4నీ 5నీ ఒకే పేరుతో పంపిస్తోంది, 5ని కాసేపు ఆపు" అన్నాడు. ఆపిన నిమిషానికి కలిసింది. ఈ ఒక్క ముక్క డబ్బా మీద పెద్దక్షరాలతో రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? తర్వాత సిమ్. ఇంట్లో ఖాళీగా ఉన్న జియో సిమ్ వేశాను, నెట్‌వర్కు లేదంది. తప్పు సిమ్‌ది కాదు. హబ్బులో ఉన్నది 2జీ మోడెం, జియోకి 2జీయే లేదు. అత్తయ్యగారి బటన్ ఫోన్లోని ఎయిర్‌టెల్ సిమ్ తీసి వేస్తే పనిచేసింది, ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కొనేవాళ్ళు 4జీ అని రాసి ఉన్నదే చూసుకుని కొనండి, ఓ వెయ్యి ఎక్కువైనా సరే.

సెన్సర్లకి రెండు వైపులా అంటుకునే టేపు ఇచ్చారు. సున్నం గోడకి ఆ టేపు ఎంతసేపుంటుంది చెప్పండి. తెల్లారేసరికి మూడూ కిందున్నాయి, సున్నం పొరతో సహా. డ్రిల్లు పెట్టించి స్క్రూలు వేయించాను.

మరుసటి రోజు ఇంకో గొడవ. మా అబ్బాయి సెన్సర్ ముందు నడిచాడు, సైరన్ మోగింది. ఆపి మళ్ళీ నడిచాడు, మోగలేదు. గెంతాడు, చేతులూపాడు, ఉలుకూ పలుకూ లేదు. పాడైపోయిందనుకుని వెనక్కి పంపే కాగితం కూడా నింపాను. ఆ తర్వాత మాన్యువల్ చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో కనిపించింది: బ్యాటరీ ఆదా కోసం ఒకసారి కదలిక పట్టాక సెన్సర్ మూడు నిమిషాలు పడుకుంటుందట, ఆ మూడు నిమిషాల్లో ఎదురుగా ఎవరూ మెదలకపోతేనే మళ్ళీ లేస్తుందట. లోపల చిన్న స్విచ్ ఉంది, టెస్ట్ వైపు జరిపితే ప్రతి కదలికకీ లైటు వెలుగుతుంది. బిగించేటప్పుడు దాన్ని టెస్ట్‌లో పెట్టుకుని, అంతా అయ్యాక మామూలుగా మార్చండి. మర్చిపోతే బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇది కెమెరా కాదు, మనిషిని చూడదు. మనిషి ఒంటి వేడిని, అంటే కంటికి కనపడని పరారుణ కిరణాల్ని చూస్తుంది, అదీ ఆ వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలితేనే. ముందున్న తెల్లటి ప్లాస్టిక్ బుడిపె లోపల గళ్ళుగళ్ళుగా ఉంటుంది, అది గదిని బద్దలు బద్దలుగా విడదీస్తుంది, వేడి ఒక బద్దలోంచి ఇంకో బద్దలోకి దాటినప్పుడు మోగుతుంది. అందుకే మా వాడు సెన్సర్‌కి అడ్డంగా నడిస్తే గదికి అటు చివర ఉన్నా పట్టేసింది, దానికి ఎదురుగా నెమ్మదిగా నడిచొస్తే దగ్గరికొచ్చేదాకా పట్టలేదు. గుమ్మానికి ఎదురుగోడ మీద కాకుండా, లోపలికొచ్చినవాడు తప్పనిసరిగా అడ్డంగా దాటే చోట పక్కగోడ మీద పెట్టాలి, మనిషి ఎత్తుకి కాస్త పైన, ఏడడుగులు అలా. గాజు కిటికీ లోపల పెట్టి బయట వరండాని చూడమంటే చూడదు, ఆ కిరణాలు కిటికీ గాజులోంచి రావు.

ఇదంతా తెలియక నేను మొదటి సెన్సర్ మండువా వైపు తిప్పి పెట్టాను. నాలుగు గదుల తలుపులూ అక్కడికే కదా, ఒక్కదానితో ఇల్లంతా కాపలా అని నా తెలివి. మండువాలోకి ఎండ పడుతుంది, మబ్బొస్తే పోతుంది, మళ్ళీ పడుతుంది, గచ్చు వేడెక్కి చల్లారుతుంది, తీగ మీద చీరలు ఊగుతాయి, పక్కింటి పిల్లి చూరు మీంచి దూకుతుంది. మొదటి వారం రోజుకి ఆరేడుసార్లు మోగింది. ప్రతిసారీ కబురు ముందు కువైట్ వెళ్ళి, అక్కణ్ణుంచి మా ఆయన ఫోను నాకు. స్నానంలో ఉంటే అత్తయ్యగారికి. "ఏమయింది, ఎవరొచ్చారు?" "పిల్లండీ." "పిల్లే అని నీకెలా తెలుసు?" దాన్ని తీసి హాల్లో నుంచి వెనక వసారాలోకి పోయే దారిలో పెట్టాక పిల్లి గొడవ తగ్గింది.

తర్వాత బల్లి. మన ఇళ్ళలో బల్లిని లెక్కచేయం. కానీ అది సరిగ్గా ఆ తెల్ల బుడిపె మీద పాకితే సెన్సర్ కళ్ళముందే ఏదో పెద్ద జంతువు నడిచినట్టే లెక్క. అర్ధరాత్రి రెండుసార్లు లేపింది. లోపల చీమలు కూడా గుడ్లు పెట్టాయి, వెనక స్క్రూ కంతల్లోంచి దూరాయి. కంతలు సిలికాన్‌తో మూసి, పెట్టె పైన చిన్న సంచిలో రెండు కలరా ఉండలు కట్టాను. శాస్త్రమేమిటో తెలీదు గానీ అప్పట్నుంచి రెండూ అటు రావట్లేదు.

రోహిణి కార్తెలో దీనికి ఉల్టా గొడవ, మోగాల్సినప్పుడు మోగలేదు. మధ్యాహ్నం హాల్లో గోడలే మన ఒంటి వేడికి దగ్గరగా కాలుతుంటే దానికి మనిషెవరో గోడెవరో తేడా తెలియదు. మా వాడు నాలుగుసార్లు దాటితే ఒకసారి పట్టింది. రాత్రి పదింటికి చల్లబడ్డాక మళ్ళీ మామూలే. మన వైపు మే నెలలో పగటిపూట దీన్ని నమ్ముకోవద్దు, తలుపు సెన్సర్లు మేలు. అవి అయస్కాంతంతో పనిచేస్తాయి, ఎండకీ వానకీ సంబంధం లేదు.

షెడ్డు దగ్గర మాత్రం చాలా తంటాలు పడ్డాను. డబ్బా మీద 100 మీటర్లు అని రాశారు. మా షెడ్డు ఇంటికి 40 మీటర్లు కూడా ఉండదు. అయినా లోపల పెట్టిన సెన్సర్ మోగినట్టు హబ్బుకి తెలిసేదే కాదు, ఎందుకంటే పైనా చుట్టూ ఇనప రేకులు, రేడియో బయటికి రావాలిగా. ఆ 100 అడ్డేమీ లేని మైదానంలో మాట. తలుపు పైన చెక్క దూలానికి, ఇంటివైపు రేకు లేని సందులోంచి కనపడేలా బిగిస్తే అందింది. వానలు మొదలై తోటంతా తడిసిన రోజు మళ్ళీ అందలేదు. హబ్బుని హాల్లోంచి తీసి వెనక వసారా గోడకి మార్చాక జూలై నుంచి ఇబ్బంది లేదు.

షెడ్డు సెన్సర్ మొదట పట్టించింది పందికొక్కుని. రాత్రి పన్నెండుకి వరసగా మూడు రోజులు మోగింది, నాలుగో రోజు టార్చి వేసుకుని చూస్తే రాశి వెనక బొరియ. ఓ లెక్కన మంచిదే, కాయలు ఎందుకు తగ్గుతున్నాయో తెలిసింది. సెన్సర్‌ని కాస్త పైకి జరిపి, కింది సగానికి లోపల నల్ల టేపు అంటించాను, నేలమీద తిరిగేవి దానికి కనపడకుండా. పాకుతూ వచ్చే దొంగ కూడా కనపడడని మా తమ్ముడు నవ్వాడు.

సెప్టెంబరులో ఒక రాత్రి 1:40కి మోగింది. అత్తయ్యగారు లేవకుండానే "పందికొక్కే, పడుకో అమ్మాయ్" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను, ఆపేసి పడుకుందామని రిమోట్ తీశాను కూడా. ఈలోగా మా ఆయన ఫోను, అక్కడ అప్పటికి పదకొండు దాటిందంతే, మెలకువగానే ఉన్నారు. నువ్వు బయటికెళ్ళొద్దు అని, నాతో మాట్లాడుతూనే ఇంకో ఫోన్లో బాబాయిగారిని లేపారు. బాబాయిగారూ వాళ్ళబ్బాయీ లైట్లు వేసి కేకలేసుకుంటూ వచ్చారు, తోట అవతల ఎవరో పరిగెత్తిన చప్పుడు మాత్రం వినపడింది. తెల్లారి చూస్తే కంచె పక్కన గోనెసంచి, అందులో ముప్పై రెండు కాయలు. సంచి కూడా మాదే. షెడ్డు తాళం చెక్కుచెదరలేదు, వెనక రేకు వంచి దూరాడు. తలుపు సెన్సర్ ఒక్కటే ఉండుంటే మాకు తెలిసేదే కాదు.

అందుకని దీనికి పొగడ్తలే రాస్తాననుకోకండి. పెద్ద లోపం ఒకటుంది. సెన్సర్ హబ్బుకి చెబుతుందే గానీ, హబ్బు సెన్సర్‌ని ఎప్పుడూ పలకరించదు. ఏ సెన్సర్ బ్యాటరీ అయిపోయినా, తడిసి చచ్చిపోయినా హబ్బుకి తెలియదు, యాప్‌లో అంతా బాగానే ఉన్నట్టు పచ్చగా కనిపిస్తుంది. ఆగస్టులో హాలు సెన్సర్ ఎన్నాళ్ళుగా పనిచేయలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకు మా వాడిచేత అన్నిటి ముందూ నడిపిస్తున్నాను. రెండోది, రిమోట్ నొక్కిన ప్రతిసారీ ఒకే కోడ్ పంపుతుంది, కాస్త రేడియో తెలిసినవాడు దాన్ని పట్టుకుని మళ్ళీ వాడొచ్చని తమ్ముడు అంటాడు. కొబ్బరికాయల దొంగకి అంత చదువు ఉండదు గానీ బంగారం కొట్టువాళ్ళు ఇది కొనకండి. మూడోది కరెంటు. హబ్బు లోపలి బ్యాటరీ మాకు ఏడు గంటలు వచ్చింది, రౌటరు మాత్రం కరెంటు పోయిన క్షణమే ఆగిపోతుంది. అప్పుడు సిమ్ ఒక్కటే దిక్కు. రౌటరుని ఇన్వర్టరు లైనులోకి మార్పించుకున్నాను.

ఇంట్లో అసలు మనుషులే లేకుండా ఊరెళ్ళేవాళ్ళు మీ పోలీస్ స్టేషన్‌లో ఎల్.హెచ్.ఎం.ఎస్. గురించి అడిగి చూడండి, తాళం వేసిన ఇంట్లో వాళ్ళే కెమెరా పెట్టి కదలిక వస్తే కంట్రోల్ రూమ్‌కి తెలిసేలా చేసే ఏర్పాటు అది. ఈ కిట్టు మాత్రం మోగినప్పుడు లేచి వచ్చే బాబాయిగారు పక్కన ఉన్నవాళ్ళకే. ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ అర మార్కు గోనెసంచికి.

బాబాయిగారు కూడా ఇదే కిట్టు తెప్పించుకున్నారు, వచ్చే ఆదివారం నేనే బిగించాలట. ఒకరి రిమోట్‌తో ఇంకొకరిది ఆగిపోతుందేమో అని భయపడ్డారు గానీ కోడ్‌లు పది లక్షల పైచిలుకు ఉంటాయట, ఆ గొడవ రాదన్నాడు తమ్ముడు. నా బెంగ వేరే. రెండు హబ్బుల సైరనూ ఒకే మోత. అర్ధరాత్రి కూసిందంటే ఎవరింటిదో తెలియక రెండిళ్ళవాళ్ళం ఒకరింటికొకరం ఎదురు పరిగెత్తాలి.