కొత్త బ్రేక్ కంట్రోలర్ కొనేముందు ఒకసారి పుదుపేట వెళ్లండి

షాపు పేరు రాద్దామంటే బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి. బిల్లు చూసి రాద్దామంటే ఆయన బిల్లే ఇవ్వడు. చెన్నై పుదుపేటలో పాత గేర్‌బాక్సులు గుట్టలుగా పోసి అమ్మే సందులోకి వెళ్లి, ట్రైలర్ కరెంటు పని చేసే పెద్దాయన ఎక్కడని అడగండి, చూపిస్తారు. ఇరుకు గది, ముందు ఒక స్టూలు, గోడ నిండా వేలాడే వైర్ల చుట్టలు. అంతే.

నాది రెడ్‌హిల్స్‌లో సౌండు, జనరేటర్ అద్దె వ్యాపారం. సొంతూరు సూళ్లూరుపేట. అందుకే సగం బుకింగులు తడ నుంచి నాయుడుపేట దాకా పెళ్లిళ్లు, తిరునాళ్లే. జనరేటర్ ఉన్న ట్రైలర్‌ని ఇసుజు వి-క్రాస్ పికప్‌తో లాగుతాను. ఆ బండి తయారయ్యేది కూడా మా పక్కన శ్రీసిటీలోనే. ట్రైలర్‌కి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలకీ ఎలక్ట్రిక్ బ్రేకులు. మన దగ్గర ఇవి చూసినవాళ్లు తక్కువ. పెడల్ తొక్కగానే స్టాప్‌లైట్ స్విచ్ నుంచి క్యాబిన్‌లోని కంట్రోలర్‌కి కబురు అందుతుంది, అది నీలం వైరులో ట్రైలర్‌కి కరెంటు పంపుతుంది. చక్రంతోపాటు తిరిగే డ్రమ్ము లోపలి మాగ్నెట్ ఆ కరెంటుతో డ్రమ్ముకి అతుక్కుని దాంతోపాటు జరుగుతూ లివర్‌ని లాగుతుంది, బ్రేక్ షూలు విచ్చుకుంటాయి.

మొన్న మార్చిలో నల్లూరు టోల్‌గేటు దగ్గర బ్రేకు తొక్కితే ట్రైలర్ వెనక నుంచి బండిని నెట్టింది. ముందున్న లారీకి జానెడు దూరంలో ఆగాను. ఆ రోజు నుంచి గతుకు వచ్చినప్పుడల్లా కంట్రోలర్ డిస్‌ప్లేలో ట్రైలర్ గుర్తు పోయి మళ్లీ వస్తోంది.

ముందు ఒక పెద్ద యాక్సెసరీస్ షాపుకి వెళ్లాను. పేరెందుకులెండి. ఏసీ గది, కాఫీ. మల్టీమీటర్ పెట్టి చూసి ట్రైలర్ వైపు 12 వోల్టులు వస్తోందన్నారు, అయినా కంట్రోలర్ పోయిందన్నారు. ఈ రెండు మాటలూ పొసగవని నాకప్పుడు తట్టలేదు, 26 వేలు పెట్టి కొత్తది కొన్నాను. బిగించే కుర్రాడు నల్ల వైరు తీసుకెళ్లి బాడీకి కలపబోయాడు. ఈ కంట్రోలర్లలో నలుపు బ్యాటరీ ప్లస్, తెలుపు ఎర్త్, ఎరుపు స్టాప్‌లైట్, నీలం బ్రేకు. నలుపంటే ఎర్తే అని మనవాళ్ల చెయ్యి అలవాటు పడిపోయింది. నేను మాన్యువల్ చూసి ఆపకపోతే ఏమయ్యేదో. ఇంతా చేస్తే రోడ్డెక్కాక మళ్లీ అదే కథ.

అప్పుడు దొరికాడు ఈ పెద్దాయన. తాతల నాడే మద్రాసు వచ్చిన తెలుగు కుటుంబం, అరవం కలిసిన తెలుగు. ట్రైలర్ ఆ సందులో పట్టదు కాబట్టి ఆదివారం టీవీఎస్ ఫిఫ్టీ మీద మా షెడ్డుకే వచ్చాడు. తొమ్మిదికి వస్తానని పదకొండున్నరకి. సంచిలోంచి తీసిన మొదటి వస్తువు మీటరు కాదు, పాత హెడ్‌లైట్ బల్బు. దానికి రెండు వైర్లు అతికించి, చివర మొసలి క్లిప్పులు. ఒకటి ట్రైలర్ నీలం వైరుకి, రెండోది ట్రైలర్ ఛాసిస్‌కి పెట్టి నన్ను కంట్రోలర్ మీది చేతి లివర్ (పెడల్ తొక్కకుండా ట్రైలర్ బ్రేకులు వేసేది) నొక్కమన్నాడు. బల్బు నిప్పుకణికలా ఎర్రగా వెలిగి ఊరుకుంది.

"12 వోల్టులు ఉందన్నారే అన్నా?" అన్నాను.

"మీటరుకి ఆకలి ఉండదు తంబీ. బల్బుకి ఉంటాది. అన్నం పెట్టి చూస్తేనే కదా కుండలో ఎంతుందో తెలిసేది." అంటే మీటరు కరెంటు లాగదు కాబట్టి వైరులో లోపమున్నా 12 చూపిస్తుంది, బల్బు లాగుతుంది కాబట్టి లోపం బయటపడుతుంది.

బండి బ్యాటరీ మైనస్ నుంచి ట్రైలర్ ఛాసిస్‌కి ఒక లావు వైరు వేసి మళ్లీ నొక్కమన్నాడు. ఈసారి బల్బు భగ్గున వెలిగింది. దొంగ దొరికాడు. ట్రైలర్ ఎర్త్ వైరుని ఎవరో పెయింటు మీదే స్క్రూతో బిగించారు. ఇన్నాళ్లూ బ్రేకుల కరెంటు తిరిగి వస్తున్నది హిచ్ బాలు (ట్రైలర్‌ని బండికి తగిలించే ఇనుప గుండు) గుండా, అదీ నేను శ్రద్ధగా గ్రీజు పూస్తున్న బాలు! గ్రీజేమో కరెంటుకి అడ్డు. గతుకులో బాలు కదిలితే కరెంటు పోయినట్టే. పెయింటుని ఇనుము మెరిసే దాకా గీకి, రింగు టెర్మినల్ వేసి, ట్రైలర్ వైర్లని బండికి కలిపే ప్లగ్గులోంచి బ్యాటరీ దాకా విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల ఎర్త్ వైరు లాగాడు.

నేనైతే అక్కడితో డబ్బులిచ్చి పంపేసేవాణ్ణి. ఆయన వదల్లేదు. నీలం వైరుకి క్లాంప్ మీటర్ తగిలించి, లివర్ పూర్తిగా నొక్కిస్తే 9 ఆంపియర్లు చూపించింది. ఈ సైజు మాగ్నెట్ ఒక్కోటి 3 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, నాలుగూ కలిస్తే 12 రావాలి. "ముగ్గురే తింటా ఉండారు, నాలుగోవాడు పస్తు" అని ఒక్కో చక్రం జాకీ ఎత్తించాడు. వెనక కుడి చక్రం లివర్ నొక్కినా హాయిగా తిరుగుతోంది. మాగ్నెట్ వైర్లు విప్పి కొలిస్తే 3.3 ఓములు, అంటే మాగ్నెట్ బాగానే ఉంది. తేడా ఇరుసు గొట్టంలో. అందులోంచి వెళ్లే వైరు లోపల ఊగి ఊగి, అంచుకి రాసుకుని తెగిపోయింది. లాగితే ఇన్సులేషన్ ఎలక కొరికినట్టు వచ్చింది. కొత్త వైరుని గొట్టం బయట నుంచే క్లిప్పులతో తీసుకెళ్లి, సోల్డర్ చేసి, హీట్‌ష్రింక్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడిగాడు. ఈసారి 11.7.

చివర్న ప్లగ్గు ఊడదీసి, ట్రైలర్ బండి నుంచి తెగిపోతే బ్రేకులు వేసే స్విచ్ పిన్ను లాగమన్నాడు. ప్లగ్గు ఉండగా లాగితే కంట్రోలర్‌కి ప్రమాదమట. ట్రైలర్ బ్యాటరీ మీదే నాలుగు చక్రాలూ బిగుసుకున్నాయి.

వైరు, సామాన్లు, కూలి అన్నీ కలిపి 3,400. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే బిల్లు లేదు, ఫోన్ ఎత్తడు, రోజంతా పోయింది, పైగా గ్రీజు గురించి నన్ను మా కుర్రాళ్ల ముందు తిట్టాడు. పాత కంట్రోలర్ పెట్టి కూడా పరీక్షించాడు, భేషుగ్గా పనిచేస్తోంది. 26 వేల పెట్టె ఇప్పుడు స్పేరుగా బీరువాలో ఉంది.

వెళ్లేవాళ్లు బండి దూరంగా పెట్టి నడిచి వెళ్లండి, పుదుపేటలో పార్కింగ్ దొరకదు. షెడ్డుకి పిలిస్తే జాకీ, చక్రాల కింద పెట్టే చెక్కలు మీరే సిద్ధం చేసుకోవాలి, ఆయన తేడు. టీలో చక్కెర వద్దంటాడు.