ఏడు గ్రాముల కవరు: ఐరోపా ప్యాకేజింగ్ నియమాలతో ఆరేళ్ళు

పప్పులు తూచుకోవడానికి కొన్న చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మా ఇంట్లో ఆరేళ్ళుగా ఆ పని చేయడం లేదు. దాని మీద తూగేవి చీర కవర్లు, చీర మడతలో పెట్టే అట్టముక్కలు, టేపు, అడ్రసు స్టిక్కర్లు. కవరు 7 గ్రాములు, లోపలి అట్ట 55, బయటి పెట్టె 140. ఈ అంకెలు నాకు మా ఆయన ఫోన్ నంబరు కంటే బాగా గుర్తు.

నేనుండేది జర్మనీలోని మాన్‌హైమ్‌లో. 2019 దసరాకి మొదలుపెట్టి మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్, కొన్ని పోచంపల్లి దుప్పట్లు ఆన్‌లైన్లో అమ్ముతున్నాను. సరుకు చూసి పంపేది ఊళ్ళో తమ్ముడు, ఇక్కడ కట్టి పంపేది నేను. ఏడాదికి ఆరువందల పార్సిళ్ళు దాటితే పండగే. ఇంత చిన్న వ్యాపారానికి ఐరోపా ప్యాకేజింగ్ చట్టాలు ఎలా అనుభవమయ్యాయో, ఎక్కడ సులువో, ఎక్కడ దండగో రాయమని చాలామంది అడిగారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

సూత్రం చిన్నదే. సరుకుతోపాటు కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి అక్కడ చెత్తయ్యే ప్రతి కవరుకీ, పెట్టెకీ, టేపుముక్కకీ దాన్ని ఆ దేశంలో మొదట అమ్మకానికి దించినవాళ్ళు బాధ్యులు. ఆ చెత్త ఎత్తడానికీ, రీసైకిల్ చేయడానికీ అయ్యే ఖర్చులో తమ వంతు కట్టాలి. దీన్నే ఉత్పత్తిదారు బాధ్యత (ఎక్స్‌టెండెడ్ ప్రొడ్యూసర్ రెస్పాన్సిబిలిటీ), పొట్టిగా ఈపీఆర్ అంటారు. చట్టంలో ‘ఉత్పత్తిదారు’ అన్న మాట చూసి నాకేం సంబంధం అనుకున్నాను. చీర నేసింది మంగళగిరి మగ్గం మీద, కవరు తయారైంది విజయవాడలో, నేను ఉత్పత్తి చేసిందేముంది? కానీ చీరల్ని దిగుమతి చేసుకునేది నేను, పెట్టెలో పెట్టి టేపు వేసేది నేను. కాబట్టి ఉత్పత్తిదారునీ నేనే. జర్మనీలో ఇంత బరువు దాటితేనే అన్న కనీస పరిమితి కూడా లేదు, మొదటి పార్సిల్ నుంచే లెక్క.

ముందు జర్మనీ సంగతి. ఇక్కడి ప్యాకేజింగ్ చట్టం 2019 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పని రెండు భాగాలు. ఒకటి, ఓస్నాబ్రుక్‌లో ఉన్న కేంద్ర రిజిస్టరు సంస్థ నడిపే లూసిడ్ అనే పోర్టల్లో పేరు నమోదు చేసుకోవడం. ఇది ఉచితం, నాకు అరగంట పట్టింది. రెండు, గ్రూనర్ పుంక్ట్, ఇంటర్‌జెరో, లాండ్‌బెల్ లాంటి సంస్థల్లో ఏదో ఒకదానితో ఒప్పందం చేసుకుని బరువు ప్రకారం డబ్బు కట్టడం. మన గుమ్మం ముందు పసుపు డబ్బాలో వేసే ప్లాస్టిక్ చెత్తని ఎత్తేది ఈ డబ్బుతోనే. చిన్న వ్యాపారులకి వాళ్ళందరికీ ఆన్‌లైన్ దుకాణాలున్నాయి. ఇన్ని కిలోల అట్ట, ఇన్ని కిలోల ప్లాస్టిక్ అని నింపితే బిల్లు వస్తుంది, కార్డుతో కట్టేయడమే. ఈ ఆరేళ్ళలో నా జర్మనీ బిల్లు ఏ ఏడూ యాభై యూరోలు దాటలేదు. నేను కట్టిన రేట్లలో కిలో ప్లాస్టిక్ కిలో అట్టకి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. అయినా 7 గ్రాముల కవర్లు ఎన్నని?

ఒక్క చోట జాగ్రత్త. ఒప్పందం చేసుకున్న సంస్థకి ఏ బరువు చెప్పామో అదే బరువు లూసిడ్‌లోనూ విడిగా నింపాలి. రెండూ సరిపోలాలి. ఏడాది మొదట్లో అంచనా, ఏడాది ముగిశాక అసలు లెక్క. 2020లో నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ప్లాస్టిక్ మొత్తం 7 కిలోల 450 గ్రాములు తేలింది. మనకి అలవాటైనట్టు చుక్క పెట్టి 7.450 అని కొట్టాను. జర్మన్లకి దశాంశానికి కామా, వేలకి చుక్క. వాళ్ళ లెక్కలో అది ఏడువేల నాలుగువందల యాభై కిలోలు. తెర మీద ఆరువేల యూరోలు దాటిన బిల్లు చూసి చేతులు చల్లబడ్డాయి. కట్టకముందే అర్థమైంది కాబట్టి సరిపోయింది, తప్పు కూడా పూర్తిగా నాదే. అప్పటినుంచి అంకె కొట్టాక పైకి చదువుకుంటాను, ‘ఏడు కామా నాలుగు అయిదు’ అని.

లూసిడ్ బహిరంగ రిజిస్టరు. ఎవరైనా మన పేరు కొట్టి నమోదు ఉందో లేదో చూసుకోవచ్చు. పోటీదారులు చూస్తారు కూడా. ఇదే సరుకు అమ్మే ఇంకొకామెకి, నమోదు లేదని పోటీదారు లాయరు దగ్గర్నుంచి ఫీజుతో సహా నోటీసు వచ్చింది. ఇది ప్రభుత్వ జరిమానా కాదు, ఆ జరిమానా వేరే. నమోదు చేయకపోతే లక్ష యూరోల దాకా, డబ్బు కట్టకపోతే రెండు లక్షల దాకా వేయొచ్చని చట్టంలో ఉంది. నాలాంటి వాళ్ళని ముందుగా పట్టుకునేది ప్రభుత్వం కాదు, పోటీదారూ మార్కెట్‌ప్లేసూ. 2022 జులై 1 నుంచి నమోదు లేని అమ్మకందారు సరుకుని ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేసులు పెట్టనివ్వకూడదు. ఆ వారం మా అమ్మకందార్ల గ్రూపులో ఎన్ని ఏడుపు బొమ్మలు వచ్చాయో!

తమ్ముడితో ఈ విషయం మాట్లాడటం ఇంకో కథ. కవర్లు తూచి చెప్పమంటే, “చీర ఎంత తూగిందో అడుగు అక్కా, చెబుతాను. కవరు బరువెందుకు, కవర్లేమన్నా అమ్ముతున్నావా?” అన్నాడు. తర్వాత ఉత్సాహం వచ్చి, విజయవాడ ప్రింటరు చూపించిన రెండు బాణాల పచ్చ గుర్తు కవర్ల మీద వేయించేశాడు, ఫారిన్ సరుకు మీద ఇది ఉంటుందని. అది గ్రీన్ డాట్, రిజిస్టరైన ట్రేడ్‌మార్క్. జర్మనీలో అది వేయాలన్న నిబంధన 2009 నుంచే లేదు, వేయాలంటే దానికి వేరే ఒప్పందం ఉండాలి. రెండువేల కవర్లు ఊళ్ళోనే ఉండిపోయాయి. అమ్మ వాటిలో కందిపొడి కట్టి చుట్టాలకి పంచుతోంది.

ప్లాస్టిక్ మానేసి కాగితం చుట్టొచ్చు కదా అని అడుగుతారు. ఒక వర్షాకాలం ప్రయత్నించాను. నాలుగు చీరలకి నిజాం అంచు దగ్గర మరక పడి వచ్చింది. ఆ నష్టం ముందు కవరు ఫీజు లెక్కలోకి రాదు. ఒక అంగుళం చిన్న కవరు చేయించి రెండు గ్రాములు మిగిల్చాం, అంతే. పాత పెట్టెలు వాడితే ఫీజు తప్పుతుందనుకోవద్దు. ఆ పెట్టెకి ఇంతకుముందే ఎవరో కట్టారని రుజువు చూపగలిగితేనే తప్పుతుంది. పక్కింటివాళ్ళు ఇచ్చిన పెట్టెకి రుజువెక్కడ తేను? తూచి కట్టేస్తాను. ఒక మంచి మాట: జర్మనీ బయటికి పంపిన పార్సిళ్ళ బరువు జర్మనీ లెక్కలోంచి తీసేయొచ్చు. అందుకని నా పట్టికలో దేశం పేరుకి ఒక గడి ఉంటుంది. మొదటి రోజు నుంచే అది పెట్టుకోండి, తర్వాత బిల్లులు వెతుక్కోవడం నరకం.

అసలు తలనొప్పి సరిహద్దు దాటాక. సరుకుకి ఐరోపా ఒకే మార్కెట్, దాని కవరుకి మాత్రం ఇరవైఏడు. జర్మనీలో కట్టిన డబ్బు ఫ్రాన్స్‌లో చెల్లదు. ఏ దేశపు చెత్తడబ్బాలో పడితే ఆ దేశపు లెక్క.

2022 మొదట్లో ‘ఐరోపా మొత్తానికి ఒకే ప్యాకేజీ’ అన్న ఒక ఏజెంటు సంస్థకి అయిదు దేశాలకి తొమ్మిదివందల యూరోలు పోశాను. ఆ అయిదింటిలో రెండు నెదర్లాండ్స్, బెల్జియం. నెదర్లాండ్స్‌లో ఏడాదికి 50,000 కిలోలు దాటితేనే డబ్బు కట్టాలి. బెల్జియంలో ఇళ్ళకి చేరే ప్యాకింగ్ 300 కిలోల లోపుంటే, అక్కడ ఈ ఫీజులు చూసే ఫోస్ట్ ప్లస్ సంస్థలో చేరక్కర్లేదు. నేను నెదర్లాండ్స్‌కి పంపింది మొత్తం కలిపి నాలుగు కిలోలుండదు. పైగా లూసిడ్ నమోదు కూడా తామే చేసిపెడతామన్నారు. ఇక్కడ ఉన్న వ్యాపారి ఆ నమోదునీ, బరువుల నివేదికనీ స్వయంగా చేయాలి, మూడోవాళ్ళకి అప్పగించకూడదు. ఇది తెలియని ఏజెంటుకి మిగతావి ఏం తెలుస్తాయి? డబ్బు తిరిగి రాలేదు. అప్పటినుంచి ఎవరికీ మొత్తంగా అప్పగించను.

ఫ్రాన్స్ నాకు రెండేసి పనులు పెట్టింది. 2020 నాటి వ్యర్థాల నిరోధక చట్టం ప్రకారం 2022 జనవరి నుంచి ప్రతి అమ్మకందారుకీ ఒక ప్రత్యేక నంబరుండాలి, దాన్ని వెబ్‌సైటులోనో అమ్మకం షరతుల్లోనో రాయాలి. ప్యాకింగు ఫీజులు చూసే సితెయో సంస్థలో చేరితే ఆ నంబరు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ ఫ్రాన్స్‌లో బట్టలకీ ఉత్పత్తిదారు బాధ్యత ఉంది, ఆ నంబరు వేరు, దాన్ని చూసే సంస్థ రిఫ్యాషన్ వేరు. మా ఏజెంటు ఆ మాటే ఎత్తలేదు, మార్కెట్‌ప్లేసు నా దుకాణం మూసేదాకా నాకూ తెలియదు. తెరిపించడానికి ఆరు వారాలు, అందులో దీపావళి పోయింది. ఆ తర్వాత ప్యాకింగు మీద వేయాల్సిన ట్రిమాన్ గుర్తు: మనిషి బొమ్మ, బాణాలు, పక్కన ఏ భాగం ఏ డబ్బాలో వేయాలో చూపే చిత్రం. ఫ్రాన్స్ పార్సిళ్ళకి స్టిక్కరు చేయించాను. ఆ స్టిక్కరు కూడా ప్యాకింగే కనుక దాన్నీ తూచాలి. నవ్వకండి, నిజంగానే తూచాను. ఈ గుర్తు ఒకే మార్కెట్ సూత్రానికి అడ్డమని ఐరోపా కమిషన్ 2023 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌కి నోటీసిచ్చింది. నాకు మాత్రం స్టిక్కరు తప్పలేదు. ఇంత విసిగించినా ఫ్రాన్స్‌ని వదల్లేదు. పారిస్‌లో పుదుచ్చేరి, యానాం మూలాలున్నవాళ్ళు కొనే పట్టంచు చీరల లాభం ఆ విసుగుని మోస్తుంది.

స్పెయిన్ వదిలేశాను. 2022 డిసెంబరులో వచ్చిన వాళ్ళ డిక్రీ ప్రకారం బయటి అమ్మకందారు అక్కడొక అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాలి. నాకు ఏడాదికి తొమ్మిది పార్సిళ్ళు. లెక్క వేయడానికి త్రాసు కూడా అవసరం లేదు.

మనసుకి కష్టమైంది ఆస్ట్రియా. అదే భాష, పక్కనే దేశం, మంచి కొనుగోలుదార్లు. 2023 జనవరి 1 నుంచి బయటి నుంచి పార్సిళ్ళు పంపే అమ్మకందార్లు అక్కడ ప్రతినిధిని నియమించుకోవాలి, ఆ నియామక పత్రాన్ని నోటరీతో ధ్రువీకరించాలి. చేశాను. నోటరీ ఖర్చు, ప్రతినిధి ఏడాది ఫీజు కలిపి మొదటి ఏడు మూడువందల యూరోలు దాటాయి. ఆ ఏడు ఆస్ట్రియాకి వెళ్ళిన నా అట్ట అయిదు కిలోలు, దాని మీద అసలు రీసైక్లింగ్ ఫీజు రెండు యూరోల లోపు. రెండు యూరోలు కట్టడానికి మూడువందల ఖర్చు! మన సామెతలో చారాణా కోడికి బారాణా మసాలా అన్నట్టు. 2024లో ఆస్ట్రియా మూసేశాను.

ఇప్పుడు కొత్త ఐరోపా ప్యాకేజింగ్ నియమావళి ఉంది, 2025/40 నంబరుది. 2025 ఫిబ్రవరి 11న అమల్లోకొచ్చినా, వర్తించేది 2026 ఆగస్టు 12 నుంచి. దేశదేశానికీ వేరే గుర్తుల గొడవ తగ్గించి అంతటా ఒకే గుర్తులు తేవడం అందులో నాకు నచ్చింది. ఆన్‌లైన్ పార్సిళ్ళలో ఖాళీ చోటు సగానికి మించకూడదన్న నియమం 2030 నుంచి. చీరల పెట్టెలకి బెంగ లేదు, దుప్పట్ల పెట్టెలు మార్చాలి. కానీ దేశానికో రిజిస్టరు మాత్రం అలాగే ఉంటుంది.

మార్కులడిగితే జర్మనీకి పదికి ఎనిమిది, ఫ్రాన్స్‌కి అయిదు, ఆస్ట్రియాకి రెండు. మొదలుపెట్టేవాళ్ళు ముందు ఒక్క దేశంలోనే అమ్మండి. రెండో దేశానికి పార్సిల్ పంపేముందు అక్కడ కనీస పరిమితి ఉందా, ప్రతినిధి కావాలా అన్న రెండు ప్రశ్నలు ఆ దేశపు అధికారిక సైటులోనే చూసుకోండి, ఏజెంటుని అడగకండి.

ఆస్ట్రియా మూసేశాక సాల్జ్‌బర్గ్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, “అక్కా, మాకు పంపరా?” అని. వాళ్ళది కాకినాడ. పంపలేనమ్మా అని కారణం చెబితే నవ్వి, నది దాటితే జర్మనీ ఊరు ఫ్రైలాసింగ్, అక్కడ పార్సిళ్ళు తీసుకునే దుకాణం ఉంది, దానికి పంపండి అంది. మొన్న సంక్రాంతికి రెండు చీరలు అలాగే తీసుకుంది. సాయంత్రం మెసేజ్ పెట్టింది: “చీరలు బాగున్నాయక్కా. పెట్టె ఫ్రైలాసింగ్‌లోనే కాగితం డబ్బాలో వేసి వచ్చా, మీ లెక్క తప్పకుండా.”