కూలెంట్ ఇంట్లోనే మార్చుకుంటున్నా: విజయనగరంలో పాత వ్యాగన్ఆర్‌తో నా అనుభవం

కారు కూలెంట్ (ఇంజిన్ వేడిని రేడియేటర్‌కి మోసుకెళ్లే ద్రవం) ఇంట్లో మార్చుకోవచ్చా అంటే, మార్చుకోవచ్చు. కొన్నేళ్లుగా నేను అదే చేస్తున్నా. కానీ డబ్బులు మిగులుతాయన్న ఆశతో మాత్రం మొదలుపెట్టకండి, మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. ఒక ఆదివారం మొత్తం పోతుంది, నడుం పట్టేస్తుంది. అయినా గ్యారేజీకి ఎందుకు ఇవ్వట్లేదంటే, రేడియేటర్లో ఏ నీళ్లు పోశారో నాకు తెలియాలి.

బండి 2013 మోడల్ పెట్రోల్ వ్యాగన్ఆర్, కె10 ఇంజిన్, సెకండ్ హ్యాండ్లో కొన్నది. ఉండేది విజయనగరం దాసన్నపేట వైపు. మామూలు రోజుల్లో ఊళ్లో తిరుగుడు, అప్పుడప్పుడు రణస్థలం మీదుగా శ్రీకాకుళం అత్తవారింటికి, వేసవిలో చుట్టాలొస్తే ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు. బండికి అసలు పరీక్ష ఆ ఘాటే. అయిదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, సెకండ్ గేర్లో మలుపులు తిరుగుతుంటే ఎండాకాలంలో ఎవరికైనా టెన్షనే.

కొన్న కొత్తలో ఒక గ్యారేజీలో సర్వీసింగ్ చేయించా. బిల్లులో కూలెంట్ ఛార్జీ కూడా వేశారు. రేడియేటర్‌కి గొట్టంతో కలిపి ఉండే, అదనపు కూలెంట్ నిలిచే ప్లాస్టిక్ బాటిల్లో చూస్తే పచ్చగా బాగానే ఉంది. తర్వాత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల తుప్పు రంగు నీళ్లు, మూత కింద రబ్బరుకి గోధుమ రంగు బురద. అంటే పైన బాటిల్లో కాస్త పోసి మార్చేశామన్నారన్నమాట. ఈ ఒక్క విషయం అందరూ గుర్తుపెట్టుకోండి: బాటిల్ రంగు చూసి మోసపోవద్దు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి రేడియేటర్లోకి చూడాలి. వేడి మీద మూత ముట్టుకోవద్దు, ప్రెషర్‌కి మరుగుతున్న నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి.

మా వీధిలో ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన మావయ్య ఒకాయన ఉన్నారు. నేను కారు కింద పడుకుని ఉంటే అరుగు మీంచి చూసి, "ఏటి బాబూ ఇదంతా? మా బస్సులకి చెరువు నీళ్లు పోసీవోళ్లం, ఏటైపోయింది? ఇక్కడేటి మంచు పడతాదా?" అన్నారు. ఆయన మాటలో కొంత నిజముంది. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా చేస్తుంది, సగానికి సగం కలిపితే సున్నాకి 35 డిగ్రీల కింద కూడా గడ్డకట్టదు. విజయనగరంలో దానితో మనకి పనిలేదు. పైగా వేడిని మోసుకుపోవడంలో ఉత్త నీళ్లే మేలు. మనకి కావలసింది కూలెంట్ చేసే మిగతా రెండు పనులు. ఒకటి, మరిగే డిగ్రీ పెరుగుతుంది, సగం సగం మిశ్రమం మామూలు గాలిలో 108 దగ్గర మరిగితే, రేడియేటర్ మూత పట్టి ఉంచే ప్రెషర్లో 125 కూడా దాటుతుంది. రెండు, అందులో కలిపే తుప్పు నిరోధక రసాయనాలు. ఆ రోజుల్లో బస్సుల ఇంజిన్లు పోత ఇనుము, రేడియేటర్లు రాగి, ఇత్తడి. మన కార్లవి అల్యూమినియం, రేడియేటర్ గొట్టాలు సన్నగా ఉంటాయి. చెరువు నీళ్లు పోస్తే ఇవి తట్టుకోవు. ఇదంతా చెప్తే మావయ్య తల ఊపి, "అయితే ఆ మూత కూడా మార్చీ, స్ప్రింగు వదులైపోయుంటాది" అన్నారు. మంచి సలహా. రేడియేటర్ మూత చవకైన పార్టే, దాని మీద 0.9 అనో 1.1 అనో ప్రెషర్ నంబర్ ఉంటుంది, పాతదాని మీద ఏ నంబర్ ఉంటే అదే కొనాలి.

ఇక నీళ్ల సంగతి, నా దృష్టిలో మొత్తం కథ ఇదే. మా బోరు నీళ్లకి టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) పెడితే 900 పైన చూపించింది. ఆ నీళ్లు కాచిన గిన్నెకి అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో రేడియేటర్ గొట్టాల్లోనూ అంతే, కాకపోతే అక్కడ పీచు పెట్టి తోమడం కుదరదు. ఇంటికి వేయించుకునే 20 లీటర్ల టిన్ను నీళ్లు చాలు కదా అని కొందరంటారు. దానికి మీటర్ పెడితే 60 దాకా ఉంది. తాగడానికి అది మంచిదే, రేడియేటర్‌కి మాత్రం ఇన్వర్టర్ బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. బ్యాటరీ షాపుల్లో 5 లీటర్ల క్యాన్లు దొరుకుతాయి, మీటర్ పెడితే సున్నాకి దగ్గర్లో ఉండాలి. కొనేటప్పుడు అది యాసిడ్ క్యాన్ కాదని చూసుకోండి, రెండూ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు!

పని ఎలా అంటే, బండి రాత్రంతా చల్లారాలి. కింద వెడల్పాటి టబ్బు పెట్టి, రేడియేటర్ అడుగున ప్లాస్టిక్ మర ఉంటుంది, దాన్ని చేత్తోనే మెల్లగా తిప్పాలి. బండి పాతదైతే ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, కటింగ్ ప్లేయర్‌తో బలంగా తిప్పారో విరిగి చేతిలోకొస్తుంది. రాకపోతే దాని జోలికి పోకుండా కింది హోస్ క్లిప్పు వదులు చేసి హోస్ లాగేయడం మేలు, ఒక్కసారిగా బుడుంగున వచ్చేస్తుంది కాబట్టి మొహం పక్కకి పెట్టుకోండి. పైన మూత తీసేస్తే తొందరగా దిగుతుంది. మొదటిసారి నా బండి నుంచి దిగిన నీళ్లలో వేలు పెడితే అడుగున సన్నటి తుప్పు ఇసుక తగిలింది. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ నాబ్ ఎర్రవైపు చివరిదాకా తిప్పి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపి, ఆపి, చల్లారనిచ్చి మళ్లీ దింపాలి. దిగే నీళ్లు తేటగా అయ్యేదాకా ఇదే పని, దీన్నే ఫ్లష్ అంటారు. చల్లారేదాకా ఆగడమే రోజంతా తినేస్తుంది. ఆ సందులో భోంచేసి ఒక కునుకు తీయొచ్చు, కానీ వేడి ఇంజిన్లో చన్నీళ్లు పోసి టైమ్ కలిసొచ్చిందనుకోవద్దు, సిలిండర్ హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

ఫ్లష్ కెమికల్ కూడా ఒకసారి కొని వాడా. తుప్పు బాగా ఉన్న బండికి పనికొస్తుందేమో గానీ రెగ్యులర్‌గా మార్చే బండికి దండగ.

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. రేడియేటర్ ఖాళీ అయినంత మాత్రాన ఇంజిన్ ఖాళీ అయినట్టు కాదు, బ్లాకులో, హీటర్ గొట్టాల్లో ఎంతో కొంత నిలిచిపోతుంది. నా బండికి మొత్తం 4 లీటర్లకి అటూఇటూ పడితే దింపినప్పుడు బయటికొచ్చేది రెండున్నర. అంటే ఫ్లష్ చేసిన ఉత్త నీళ్లు ఒకటిన్నర లీటరు లోపలే ఉంది. దాని మీద సగం గ్లైకాల్, సగం నీళ్లుగా రెడీమేడ్‌గా కలిపిన ప్రీమిక్స్ రెండున్నర పోస్తే గ్లైకాల్ 31 శాతమే అవుతుంది, మీరు మాత్రం 50 ఉందనుకుంటారు. అందుకే ఫ్లష్ చేసినప్పుడు నీళ్లు కలపని కాన్సంట్రేట్ కొని, మొత్తం కెపాసిటీలో సగం, అంటే 2 లీటర్లు ముందు పోసేసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపుతా. ఫ్లష్ లేకుండా పాతది దింపి అదే రకం నింపేటప్పుడైతే ప్రీమిక్స్ హాయి. ఘాటుగా ఉంటే మంచిదని ఉత్త కాన్సంట్రేట్ పోసేవాళ్లూ ఉన్నారు, అలా చేస్తే ఇంజిన్ చల్లబడడం తగ్గుతుంది.

గాలి తీయడానికి మా గేటు ర్యాంపు బాగా కలిసొచ్చింది. ముందు చక్రాలు ర్యాంపు మీదకి ఎక్కిస్తే రేడియేటర్ నోరు అన్నిటికన్నా పైకొస్తుంది. ఇంకా చల్లగా ఉన్నప్పుడే మూత తీసి ఇంజిన్ స్టార్ట్ చేసి, పై హోసు చేత్తో నొక్కుతూ వదులుతూ ఉంటే బుడగలు బుడబుడమంటూ వస్తాయి, లెవెల్ దిగుతుంది, పోస్తూ ఉండాలి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకున్నాక ఒక్కసారిగా దిగిపోతుంది, అయిపోయిందని మూత పెట్టేయకుండా అప్పుడు ఇంకాస్త పోయాలి. హీటర్లోంచి వేడి గాలి రాకపోతే లోపల గాలి ఇంకా ఉన్నట్టే. తర్వాత రెండు మూడు రోజులు పొద్దున్నే బాటిల్ లెవెల్ చూడండి.

ఇన్నేళ్లలో తేడా ఏంటంటే, బాటిల్లో లెవెల్ దాదాపు కదలట్లేదు, మూత తీస్తే రంగు తేటగా ఉంటోంది. ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ సాకెట్‌కి పెట్టే చిన్న పరికరం) పెట్టి కూలెంట్ వేడి ఎన్ని డిగ్రీలో ఫోన్లో చూస్తూ ఉంటా. రణస్థలం దారిలో 90 దగ్గర నిలబడుతుంది, మే నెలలో అనంతగిరి ఎక్కుతుంటే 98 దాకా పోయి, ఫ్యాన్ తిరగ్గానే మళ్లీ దిగుతుంది. ఇంకో లాభం నేను అనుకోనిది. ఒకసారి కింది హోస్ క్లిప్పు దగ్గర పచ్చగా ఎండిన చార కనపడింది, చెమ్మ కూడా లేదు, పొడి చార మాత్రమే. ఉత్త నీళ్లయితే ఆరిపోయి తెలిసేదే కాదు. క్లిప్పు మార్చేశా, ఆగిపోయింది.

రంగు గురించి షాపుల్లో రకరకాలుగా చెప్తారు. పచ్చ, నీలం, ఎరుపు అన్నీ కలిపే డై మాత్రమే, లోపలి కెమికల్ ఏదో రంగు చెప్పదు. పాత పద్ధతి పచ్చ కూలెంట్లు రెండేళ్లకి మార్చాలి, ఆర్గానిక్ యాసిడ్ రకం అయిదేళ్ల దాకా వస్తుంది, రెండూ కలిపేస్తే ఎక్కువ రోజులొచ్చేది కూడా తొందరగా పోతుంది, కొన్నిసార్లు జిగురు కడుతుంది. కారు మాన్యువల్లో ఏ రకం రాశారో అదే కొనండి. బండి హీటెక్కుతోందంటే థర్మోస్టాట్ పీకి పారేయమని చెప్పే మెకానిక్కుల మాట మాత్రం వినకండి, ఇంజిన్ చల్లగానే తిరిగి మైలేజీ పడిపోతుంది.

నాకు చిరాకు పుట్టించేది పాత కూలెంట్ ఏం చేయాలన్నది. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, ఆవులు నాకేస్తాయి, కొంచెం తాగినా కిడ్నీలు పోతాయి. మా వీధిలో ఆవులు గేటు తీసుండడం చూస్తే లోపలికొచ్చేస్తాయి. అందుకే దింపగానే టబ్బు మీద మూత వేసి, క్యాన్లలోకి వంచి, దాని మీద మార్కర్‌తో విషం అని రాసి, నేల మీద ఒలికింది నీళ్లతో బాగా కడిగేస్తా. కాలవలో మాత్రం పోయను. డ్రమ్ముల్లో పోగుచేసే గ్యారేజీ ఒకటి తెలుసు, వాళ్లకి ఇచ్చొస్తా, ఒక్కోసారి క్యాన్ నెలల తరబడి ఇంట్లోనే మూలుగుతుంది, మా ఆవిడ గొణుగుడు వేరే.

ఖర్చు కాన్సంట్రేట్, నీళ్లు, మూత అన్నీ కలిపి సగం ట్యాంకు పెట్రోల్ లోపే. చిన్న పెట్రోల్ బండి, రేడియేటర్ మీదే మూత ఉన్నదైతే ధైర్యంగా చేసుకోవచ్చు. టర్బో డీజిల్, హైబ్రిడ్ బండ్లలో కొన్నింటికి గాలి తీయడానికి వ్యాక్యూమ్ మెషీన్ వాడతారు, కొన్నింటికి స్కానర్‌తో ఎలక్ట్రిక్ పంపు తిప్పాలి. అలాంటి బండి ఉంటే గ్యారేజీకే ఇవ్వండి, కాకపోతే పని జరుగుతున్నంతసేపు పక్కనే నిలబడి, డిస్టిల్డ్ వాటర్ క్యాన్ మీరే పట్టుకెళ్లండి.